ట్రౌట్ మాస్క్ రెప్లికా: గోలా, గొప్ప సంగీతమా? శ్రోతల వాదం ఎక్కడ చిక్కుపడింది

రాక్ సంగీతం వినేవాళ్ల మధ్య యాభై ఏళ్లు దాటినా తెగని పంచాయితీ ఒకటుంది. 1969 జూన్ 16న అమెరికాలో విడుదలైన 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' గొప్ప ఆల్బమా, చెత్తా? కెప్టెన్ బీఫ్‌హార్ట్ అండ్ హిజ్ మ్యాజిక్ బ్యాండ్ పేరుతో వచ్చిన ఈ డబుల్ ఎల్పీలో (రెండు రికార్డుల ఆల్బమ్‌లో) 28 ట్రాకులున్నాయి, మొత్తం సుమారు 79 నిమిషాలు. మొదటి ట్రాకు 'ఫ్రౌన్‌ల్యాండ్' రెండు నిమిషాలు కూడా ఉండదు. కొత్తగా వినేవాళ్లలో చాలామంది అది పూర్తయ్యేలోపే ఆపేస్తారు. ఆపనివాళ్లలో కొందరు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. భావితరాల కోసం భద్రపరచదగిన రికార్డింగులంటూ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసే జాబితాలో, 2010 సంవత్సరపు ఎంపికల్లో, ఇదీ చేరింది.

రెండు వర్గాల మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. వాళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరు "వీళ్లకు వాయించడం రాదు" అంటారు. ఇంకొకరు "దీని తర్వాత రాక్ మారిపోయింది" అని బదులిస్తారు. ఆ రెండో మాట మొదటిదానికి జవాబు కానే కాదు. వాయించడం వచ్చా రాదా అన్నది రుజువులతో తేల్చగలిగిన విషయం. వినడానికి బాగుందా అన్నది ఎవరి చెవి వాళ్లది. ఆ సంగీతాన్ని తయారుచేసిన తీరు న్యాయమైనదేనా అన్నది పూర్తిగా వేరే లెక్క. మూడింటినీ ఒకే మూటగా కడితే ఎన్నేళ్లయినా వాదన తెమలదు.

## ఎవరీ కెప్టెన్, ఎక్కడిదీ బ్యాండ్

కెప్టెన్ బీఫ్‌హార్ట్ అసలు పేరు డాన్ వాన్ వ్లీట్. 1941లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో పుట్టాడు, ఎడారి అంచున ఉన్న లాంకాస్టర్ ఊళ్లో పెరిగాడు. అక్కడి హైస్కూలు స్నేహితుడు, రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పాయే తర్వాత ఈ ఆల్బమ్‌కు నిర్మాత అయ్యాడు. మ్యాజిక్ బ్యాండ్ మొదట్లో అచ్చమైన బ్లూస్ బృందం. బో డిడ్లీ పాడిన 'డిడ్డీ వా డిడ్డీ'ని మళ్లీ పాడి 1966లో సింగిల్‌గా విడుదల చేసింది. 1967లో వచ్చిన 'సేఫ్ యాజ్ మిల్క్' ఆల్బమ్‌ను బ్లూస్ ఇష్టపడే ఎవరైనా పెద్దగా ఇబ్బంది లేకుండా వినవచ్చు. అంటే ఆనవాయితీ పద్ధతిలో వాయించడం, పాడడం వీళ్లకు ముందే వచ్చు. ఈ చిన్న విషయం చాలా వాదనల్లో జారిపోతుంటుంది.

'ట్రౌట్ మాస్క్ రెప్లికా' నాటికి బృందంలో ఉన్నవాళ్లు ఐదుగురు. గిటార్లు బిల్ హార్కిల్‌రోడ్, జెఫ్ కాటన్. బేస్ గిటార్ మార్క్ బోస్టన్. డ్రమ్స్ జాన్ ఫ్రెంచ్. బేస్ క్లారినెట్ విక్టర్ హేడన్. అందరికీ వాన్ వ్లీట్ వింత పేర్లు పెట్టాడు. హార్కిల్‌రోడ్ 'జూట్ హార్న్ రోలో' అయ్యాడు, ఫ్రెంచ్ 'డ్రంబో' అయ్యాడు.

## ఇందులో బ్లూస్ ఎక్కడుంది

బ్లూస్ అమెరికా దక్షిణాది నల్లజాతీయుల పాట. స్థిరపడ్డ రూపంలో దాని లెక్క తేలిక. బారుకు 4 బీట్లు, 12 బార్లు, మొత్తం 48 బీట్లకు ఒక చుట్టు. మూడు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. మొదటి పంక్తి రెండుసార్లు పాడి, మూడో పంక్తిలో దానికి జవాబు చెబుతారు. అయితే మిసిసిపీ డెల్టాలో ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడినవాళ్లు ఈ లెక్కను అంత నిక్కచ్చిగా పాటించలేదు. మాట సాగితే రెండు బీట్లు పెంచేవారు, ఊపిరి అందకపోతే ఒకటి తగ్గించేవారు. జాన్ లీ హుకర్ అయితే పాటంతా ఒకే కార్డు మీద నడిపించేవాడు. పక్కన డ్రమ్మరో రెండో గిటారో ఉన్నప్పుడే 12 బార్ల కట్టుబాటు అవసరమవుతుంది.

వాన్ వ్లీట్ గొంతులోని గరగర నల్లజాతి బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ది. గిటార్లలో వినిపించే స్లైడ్, అంటే వేలికి గొట్టం తొడిగి తీగ మీద జార్చే పద్ధతి, డెల్టాది. ఆల్బమ్‌లో బ్లూస్ పూర్తిగా ముసుగు తీసి కనిపించేది 'చైనా పిగ్'లో. పాత సభ్యుడు డగ్ మూన్ గిటార్ మీద ఒకే మెట్టు తిప్పుతుంటే వాన్ వ్లీట్ అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ పాడాడు. ఇంట్లో క్యాసెట్ మీద రికార్డు చేసింది కనుక 1930ల నాటి అరిగిన రికార్డులా గరగరలాడుతుంది.

మిగతా పాటల్లో బ్లూస్ లేకపోలేదు, ముక్కలై ఉంది. స్లైడ్ పలుకు ఒకచోట, మళ్లీ మళ్లీ తిరిగే రిఫ్ ఒకచోట, వుల్ఫ్ అరుపు ఇంకోచోట. వాటిని ఒక్కతాటి మీద నడిపే బీటును మాత్రం తీసేశారు. బ్లూస్ అభిమానుల అసలు ఫిర్యాదు ఇదే: కాలు కదిలించే ఊపు లేకపోతే అది బ్లూస్ ఎలా అవుతుంది? డెల్టా గాయకుడు ఒంటరిగా తీసుకున్న స్వేచ్ఛను ఇక్కడ బృందంలో ప్రతి ఒక్కరికీ ఇచ్చారన్నది అవతలివాళ్ల మాట. నాకు రెండో వివరణ ఎక్కువ సబబుగా తోస్తుంది. అలాగని మొదటి ఫిర్యాదు కొట్టిపారేయదగ్గది కాదు. నృత్యానికి పుట్టిన సంగీతం నుంచి నృత్యాన్ని తీసేస్తే పోయేది చిన్న వస్తువేమీ కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది. తెల్లజాతి గాయకుడు నల్లజాతి గాయకుడి గొంతును తొడుక్కోవడం గురించి. ఆ కాలపు తెల్ల రాక్ బృందాల్లో చాలావాటి మీద ఈ ప్రశ్న వేయవచ్చు. వాన్ వ్లీట్ బ్లూస్ రూపాన్ని యథాతథంగా ఎత్తి తెచ్చుకోలేదని సమర్థకులంటారు. రూపం మారినా గొంతు ఎవరిదో దాగదు కదా అని విమర్శకులంటారు. రెండూ నిజమే.

## వాయించడం రాదనే మాటను పరీక్షించడం

తెలియక తప్పుగా వాయిస్తే ఆ తప్పు మళ్లీ అచ్చంగా అలాగే రాదు. కాబట్టి ఒకే పాట రెండు రికార్డింగులు దొరికితే పోల్చి చూడవచ్చు. ఆ అవకాశం ఆల్బమ్‌లోనే ఉంది. 'హెయిర్ పై: బేక్ 1', 'హెయిర్ పై: బేక్ 2' ఒకే రచన. మొదటిది బృందం ఉండే ఇంట్లో రికార్డయింది. లోపల గిటార్లు, డ్రమ్స్ మోగుతుంటే వాన్ వ్లీట్, హేడన్ బయట పెరట్లో ఊదుతుంటారు. రెండోది స్టూడియోలో, ఊదే వాద్యాలు లేకుండా. బేక్ 2ను ముందు విని, అందులోని గిటార్ పలుకులను గుర్తుపట్టి, తర్వాత బేక్ 1కు వెళ్తే అవే పలుకులు అదే వరుసలో ఊదుడు గోల అడుగున నడుస్తూ ఉంటాయి.

ఇంతకన్నా గట్టి రుజువు 1999లో వచ్చింది. 'గ్రో ఫిన్స్' పేరుతో రెవెనెంట్ సంస్థ విడుదల చేసిన పాత టేపుల సంపుటిలో, స్టూడియోకు వెళ్లకముందు ఇంట్లో చేసిన రికార్డింగులున్నాయి. గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే. పాట తర్వాత పాట, స్టూడియో రికార్డింగుకూ వీటికీ తేడా చాలా స్వల్పం. గందరగోళంగా వినిపించినదంతా కంఠస్థం చేసినదే. స్టూడియోలో దాదాపు 20 పాటల వాయిద్య భాగాలు ఆరు గంటల పాటి ఒకే సెషన్‌లో ముగియడానికి కారణం కూడా అదే. నోటికి రాకపోతే ఆ వేగం కుదరదు.

ఈ ఒక్క అంశంలో మాత్రం "ఎవరి అభిప్రాయం వాళ్లది" అనడం కుదరదు. వాళ్లు వాయించాలనుకున్నదే వాయించారు. వాయించాలనుకున్నది బాగుందా లేదా అన్నది మిగిలిన ప్రశ్న.

## చెవి ఎక్కడ తప్పిపోతుంది: తాళం లెక్క

సాధారణ రాక్ పాటలో డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ ఒకే ఆవర్తనంలో నడుస్తాయి. నాలుగు బీట్లకోసారి అందరూ కలుస్తారు. ఆ కలయికను చెవి ఎదురుచూస్తుంది, దొరకగానే తృప్తిపడుతుంది. ఈ ఆల్బమ్‌లో ఒక్కో వాద్యం పలుకు ఒక్కో పొడవు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్క పాటదీ కాదు, పద్ధతి అర్థం కావడానికి మాత్రమే. ఎడమవైపు గిటార్ 7 బీట్ల పలుకు తిప్పుతోంది. కుడివైపు గిటార్ 5 బీట్లది. రెండూ ఒకేసారి మొదలైతే మళ్లీ ఒకేచోట మొదలయ్యేది 35 బీట్ల తర్వాత. కింద డ్రమ్స్ 4 బీట్ల వరుసలో ఉంటే ముగ్గురూ కలిసేది 140 బీట్ల తర్వాత. నిమిషానికి 140 బీట్ల వేగమనుకుంటే పూర్తిగా ఒక నిమిషం ఆగాలి. కానీ ఈ పాటల్లో ఒక భాగం కొన్ని సెకన్లే ఉండి ఇంకో భాగంలోకి దూకేస్తుంది. అంటే కలిసే చోటు రాకముందే ఆ భాగమే అయిపోతుంది.

కర్ణాటక కచేరీలో మృదంగం వాయించేవారు ఖండం, మిశ్రం అల్లుకుంటూ పోతే మనం కంగారుపడం. ముక్తాయింపు సమానికి వచ్చి వాలుతుందని తెలుసు, పైగా చేత్తో తాళం వేసుకుంటూ ఉంటాం. ఇక్కడ తాళం వేసుకోవడానికి ఒక ఆవర్తనమంటూ లేదు, వాలే హామీ లేదు. లెక్క వచ్చిన చెవికి కూడా మొదట దిక్కు తోచదు. ఆ మాటకొస్తే లయజ్ఞానం ఉన్నవాళ్లకే ఎక్కువ చిరాకు కలిగినా ఆశ్చర్యం లేదు.

ఇక స్వరాల సంగతి. వాన్ వ్లీట్‌కు పియానో రాదు. వచ్చినట్టు మెట్లు నొక్కుతూ పోయేవాడు, పక్కన కూర్చున్న ఫ్రెంచ్ దాన్ని స్వరలిపిలో రాసుకునేవాడు. పియానో మీద పది వేళ్లకు పుట్టినదాన్ని ఆరు తీగల గిటార్‌కు, నాలుగు తీగల బేస్‌కు పంచాలి. గిటార్ మీద వేళ్లు మామూలుగా వెళ్లే దారులు వేరు, ఈ స్వరాలు అడిగే దారులు వేరు. గిటార్ వినడానికి అలవాటుపడ్డ చెవికి అది అపస్వరంలా తగలడానికి సగం కారణం ఇదే. 'డాలీస్ కార్' వింటే ఈ ఒక్క అంశం విడిగా తెలుస్తుంది. ఒకటిన్నర నిమిషం కూడా లేని ఆ ముక్కలో రెండు గిటార్లు తప్ప ఏమీ లేవు. డ్రమ్స్ లేవు, పాట లేదు, అరుపు లేదు. అయినా చెవికి తగిలే కరుకుదనం అలాగే ఉంది. కాబట్టి ఆ కరుకుదనం రికార్డింగు లోపం కాదు, రచనలోనే ఉంది.

## గొంతు మాత్రం నిజంగానే కలవలేదు

ఆల్బమ్‌ను తిట్టేవాళ్ల వైపు న్యాయం గట్టిగా ఉన్నది ఇక్కడే. స్టూడియోలో పైనుంచి గొంతు కలిపేటప్పుడు గాయకుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముందే రికార్డయిన వాయిద్యం వింటూ పాడతాడు. వాన్ వ్లీట్ హెడ్‌ఫోన్ పెట్టుకోనన్నాడు. కంట్రోల్ రూమ్ అద్దం గుండా పాకివచ్చే పలచటి శబ్దం తప్ప అతనికి వాయిద్యం వినిపించలేదు. దాంతో చాలాచోట్ల మాట ముందో వెనకో పడింది. వాయిద్యాల అమరిక నెలల సాధన ఫలితం. దాని మీద గొంతు పడ్డ చోటు చాలావరకు తోచినట్టు పడినది.

ఇది అతని ఉద్దేశమేనని, పాటకు ఉన్న ప్రాణం అదేనని కొందరంటారు. అంత కష్టపడి అమర్చినదాన్ని చివరి మెట్టులో చెడగొట్టాడని ఇంకొందరు. 'గ్రో ఫిన్స్'లో గొంతు లేని టేపులు బయటికొచ్చాక రెండో వర్గం బలం పెరిగింది. వాయిద్యం మాత్రమే ఇంత స్పష్టంగా ఉంటే పైన ఆ అరుపులెందుకని వాళ్ల ప్రశ్న. కానీ 'వెల్', 'ఆరెంజ్ క్లా హామర్' లాంటివి వాయిద్యమే లేకుండా గొంతు ఒక్కటే ఉన్న ట్రాకులు. అక్కడ అతను ఊపిరి తీసుకునే చోటు, మాట విరిచే తీరు వింటే లయ లేని మనిషని అనలేం. లయ వేరు, ఇంకొకరితో కలవడం వేరు.

రికార్డింగు నాణ్యత మీద ఫిర్యాదులకు కూడా ఆధారముంది. జాప్పా మొదట అంతా ఆ ఇంట్లోనే, ఊళ్లకు వెళ్లి జానపదం రికార్డు చేసే పద్ధతిలో, చేద్దామనుకున్నాడు. ఖర్చు తగ్గించుకోవడానికే ఇదంతా అని వాన్ వ్లీట్ అనుమానించి స్టూడియో కావాలని పట్టుబట్టాడు. అలా గ్లెండేల్‌లోని విట్నీ స్టూడియోస్‌కు మారారు. చివరికి ఆల్బమ్‌లో స్టూడియో ట్రాకులు, ఇంటి టేపులు, 1968లో ముందే చేసిన 'మూన్‌లైట్ ఆన్ వెర్మాంట్', 'వెటరన్స్ డే పాపీ' అన్నీ కలిశాయి. 'ది బ్లింప్'లో గొంతు జెఫ్ కాటన్‌ది, అదీ టెలిఫోన్‌లో చదివినది. దాని కింద ఉన్న వాయిద్యం ఈ బృందానిది కాదు, జాప్పా సొంత బృందానిది. ఒక ట్రాకు నుంచి ఇంకో ట్రాకుకు శబ్దం మారిపోవడానికి కారణం ఈ కలగూరగంపే.

## ఏడోసారికి నచ్చడం రుజువవుతుందా

ఈ ఆల్బమ్ గురించి తరచూ వినిపించే సాక్ష్యం 'ది సింప్సన్స్' సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్‌ది. మొదటిసారి విన్నప్పుడు తాను విన్నవాటిలో ఇదే అధ్వానం అనిపించిందని, మూడోసారికి కావాలనే ఇలా వాయిస్తున్నారని అర్థమైందని, ఆరేడుసార్లు విన్నాక ఇంత గొప్పది లేదనిపించిందని ఆయన చెప్పాడు. అప్పటినుంచి "ఇంకో ఐదుసార్లు వినండి" అనడం అభిమానులకు అలవాటైంది.

ఈ సలహాలో కొంత పస ఉంది. 7 బీట్ల పలుకును మొదటిసారి విన్నప్పుడు అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. నాలుగోసారికి తెలుస్తుంది, తెలిశాక దాన్ని ఎదురుచూడగలం. ఎదురుచూపు మొదలైతే గోల కాస్తా ఆకారంగా మారుతుంది. కానీ దేన్నయినా పదేపదే వింటే పరిచయం ఏర్పడుతుంది, పరిచయం ఇష్టంగా మారడమూ మామూలే. పైగా ఏడుసార్లు విన్నవాళ్లు ఎవరు? మొదటిసారే ఆపేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఐదారుసార్లు విని కూడా నచ్చక వదిలేసినవాళ్లు తమ కథ ఎవరికీ చెప్పరు. మిగిలిన గొంతులన్నీ నచ్చినవాళ్లవే అయినప్పుడు "విన్నకొద్దీ నచ్చుతుంది" అన్నది నిజంకన్నా పెద్దగా కనిపిస్తుంది.

విమర్శకుల్లోనూ తటపటాయింపు ఉంది. విడుదలైన ఏడాదే లెస్టర్ బ్యాంగ్స్ రోలింగ్ స్టోన్ పత్రికలో ఉత్సాహంగా రాశాడు. రాబర్ట్ క్రిస్ట్‌గావ్ బి ప్లస్ ఇచ్చి, పై గ్రేడు ఇవ్వాలని ఉన్నా మరీ విడ్డూరంగా ఉండడంతో ఇవ్వలేకపోతున్నానన్నాడు. ఇంత నిజాయితీగా చెప్పినవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ దీన్ని మోశాడు, అక్కడి చార్టులో 21వ స్థానం దాకా వెళ్లింది. అమెరికాలో చార్టు మొహమే చూడలేదు.

## ఎనిమిదిన్నర గంటల కథ, ఎనిమిది నెలల ఇల్లు

ఆల్బమ్ మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో రాసేశానని, వాయించడం రానివాళ్లకు అన్నీ నేనే నేర్పానని వాన్ వ్లీట్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. పత్రికలు చాలాకాలం దాన్నే అచ్చేశాయి. మేధావి కథ కోరుకునేవాళ్లకు అది నచ్చింది. మోసమనుకునేవాళ్లకు కూడా అదే ఆధారమైంది: ఎనిమిదిన్నర గంటల్లో రాసినది గోల కాక ఇంకేమవుతుంది? రెండు వైపులా ఆనుకున్న ఆ గోడ ఉత్తిదే. హార్కిల్‌రోడ్, ఫ్రెంచ్ తర్వాత రాసిన పుస్తకాలను బట్టి చూస్తే పని నెలల తరబడి సాగింది. వాళ్లు అప్పటికే అనుభవమున్న వాద్యకారులు.

లాస్ ఏంజిలిస్ వుడ్‌లాండ్ హిల్స్‌లోని అద్దె ఇంట్లో బృందం దాదాపు ఎనిమిది నెలలు కలిసి ఉంది. రోజంతా సాధన. డబ్బు లేదు, తిండి చాలదు. ఒక దశలో నెల రోజులు రోజుకు చిన్న కప్పు సోయా గింజలతో గడిపామని ఫ్రెంచ్ చెప్పాడు. తిండి దొంగతనం చేస్తూ పట్టుబడితే జాప్పా బెయిలు ఇప్పించాడు. ఒకరిని మధ్యలో నిలబెట్టి గంటల తరబడి నిందించడం, చెయ్యి చేసుకోవడం కూడా జరిగాయని సభ్యులు రాశారు.

ఇవి బయటపడ్డాక ఆల్బమ్‌ను ఇంతకుముందులా వినలేమన్నవాళ్లున్నారు. ఆ వాయింపులో ఉన్న బిగువు భయం నుంచి వచ్చిందని తెలిశాక దాన్ని మెచ్చుకోవడం ఇబ్బందే. బాధపడ్డవాళ్లే ఆ పని పట్ల గర్వంగా ఉన్నప్పుడు వాళ్ల తరఫున మనం దాన్ని పక్కన పెట్టడం ఏం న్యాయమని ఇంకొందరి ప్రశ్న. ఫ్రెంచ్ విషయంలో ఇది మరీ సూటిగా తగులుతుంది. పియానో పలుకులను రాసుకుని, ఏ వాద్యానికి ఏది ఇవ్వాలో పంచి, అందరికీ నేర్పినది అతనే. ఆల్బమ్ వచ్చేనాటికి అతను బృందంలో లేడు. మొదటి ముద్రణ అట్ట మీద అతని పేరే లేదు. రచయితగా ఉన్నది వాన్ వ్లీట్ ఒక్కడి పేరు.

వాన్ వ్లీట్ 1982 తర్వాత సంగీతం వదిలేసి చిత్రకారుడిగా స్థిరపడ్డాడు, 2010లో చనిపోయాడు. 2003లో మ్యాజిక్ బ్యాండ్ అతను లేకుండానే మళ్లీ వేదికెక్కింది. డ్రమ్స్ దగ్గరా, మైకు దగ్గరా కూడా ఫ్రెంచే. చేతిరాతలో తాను పంచిన ఆ పలుకులనే, ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, కొన్నింటిని గొంతు లేకుండా వాయిద్యం మాత్రమే వినిపిస్తూ వాయించాడు.